తుమ్ముతుమ్ముకీ గట్టిమేళం

కైసర్స్‌లౌటర్న్,
జనవరి 11

ఒరేయ్ చలపతీ,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని రాద్దామంటే నా మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. కాబట్టి, మోకాళ్ళు తప్ప అందరం క్షేమం.

ఫోన్లో నేను అరవడం, నువ్వు "ఆఁ? ఏంటీ?" అనడం, నా అరుపులకు కింది అంతస్తు ఆవిడ వచ్చి తలుపు కొట్టడం, ఈ వయసులో మనకెందుకురా ఇదంతా. ఇకనుంచి కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతాను. నీ కోడలు ప్రవీణ పెద్దది చేసి చూపిస్తుంది. నువ్వూ అలాగే రాయి.

నాన్న డోలు చేరింది. చిలకలూరిపేట నుంచి ఇక్కడికి రావడం పెద్ద పనేం కాదు, ఇక్కడి కస్టమ్స్ ఆఫీసు దాటడమే పెద్ద పని. టెర్మిన్ తీసుకుని వెళ్ళాను. ఆఫీసరు పెట్టె తెరిచి, ఇది పీపానా, స్టూలా అని అడిగాడు. సంగీత వాయిద్యం అన్నాను. నిరూపించమన్నాడు. నాకు డాక్టరు డిగ్రీ ఉంది గాని డోలు చేతకాదని నీకు తెలుసు. పెట్టె మోయడానికి నాతో వచ్చిన ఒకాయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని నాలుగు దెబ్బలు వేశాడు. పక్క కౌంటర్లో ఒకావిడ ఉలిక్కిపడి, కాగితం మీద వేయాల్సిన ముద్ర తన చేతి మీదే వేసుకుంది. మా ఆఫీసరు వెంటనే సంతకం పెట్టాడు.

ఏప్రిల్ 26న తన్వి పెళ్ళి. నా మనవరాలి మెడలో తాళి పడేటప్పుడు నీ డోలు మోగాలి. మన ఇంటి పెళ్ళికి మన డోలే అని నాన్న అన్న మాట నీకు నేను గుర్తు చేయక్కర్లేదు. "మంగళ వాయిద్యం: డోలు విద్వాన్ చలపతి" అని శుభలేఖలు కూడా నువ్వే అచ్చు వేయించి పంపావు. మరి వీసాకు టెర్మిన్ దొరికిందా? అదే, అపాయింట్‌మెంటు. ఈ జర్మనీలో యాభై ఏళ్ళు ఉంటే నాలుక ఇలాగే తయారవుతుంది.

మీ అక్క,
శారద


చిలకలూరిపేట,
జనవరి 19

అక్కయ్యా,

నమస్కారాలు. టెర్మిన్ దొరకలేదు. ప్రయత్నిస్తున్నాను. చాలా పెద్ద వరస ఉందట.

అది సరే. "ఒకాయన నాలుగు దెబ్బలు వేశాడు" అని తేలిగ్గా రాసేశావే, ఎవరాయన? నాన్న డోలును ముట్టుకునే ముందు కాళ్ళు కడుక్కున్నాడా? ఏ ఊరివాడు? ఎవరి శిష్యుడు? ఆ నాలుగు దెబ్బలూ కుడివైపా, ఎడమవైపా? వేళ్ళకు తొడుగులు పెట్టుకున్నాడా, ఉత్త చేతులతో బాదాడా? ఒక్కదానికీ జవాబు లేదు నీ ఉత్తరంలో. నువ్వు రోగుల కేసులు కూడా ఇలాగే రాసేదానివా?

నీ తమ్ముడు,
చలపతి


కైసర్స్‌లౌటర్న్,
ఫిబ్రవరి 2

చలపతీ,

కూర్చుని చదువు. ఆయన పేరు హార్లన్ టకెట్. అమెరికావాడు. డ్రమ్స్ వాయిస్తాడు. రాక్ సంగీతం. ఇప్పుడు నువ్వు లేచి నిలబడ్డావని నాకు తెలుసు. కూర్చో.

మా పై అంతస్తులో పదకొండేళ్ళుగా ఉంటున్నాడు. ఈ ఊరి పక్కనున్న అమెరికా సైనికుల స్థావరంలో వాయించడానికి వచ్చి, ఒక జర్మనావిడను చేసుకుని ఉండిపోయాడు. పాపం, ఆవిడ పోయింది. మా బిల్డింగులో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా నిశ్శబ్ద వేళ. గట్టిగా కుర్చీ జరిపినా ఫిర్యాదు ఉత్తరం వస్తుంది. సరిగ్గా ఆ వేళలోనే ఈయన దిండ్ల మీద సాధన చేసేవాడు. నేను చీపురుకర్రతో కప్పు మీద పొడిచేదాన్ని. నేను పొడిచేకొద్దీ ఆయన ఇంకా హుషారుగా వాయించేవాడు. పదకొండేళ్ళ తర్వాత, మొన్న డిసెంబరులో లిఫ్టులో కలిసినప్పుడు బయటపడింది. నేను తాళం వేస్తున్నానని అనుకున్నాడట!

"నా చెవులు అంతంతమాత్రమే గాని, మీ దెబ్బ నా అరికాళ్ళకు తెలిసేది. కొంచెం కోపంగా ఉండేది గాని లయ గట్టిది" అన్నాడు. యాభై ఏళ్ళు వైద్యం చేశాను, ఇంత మంచి మాట నాతో ఎవరూ అనలేదు.

నలభై మూడేళ్ళు వాయించాడు. ఎక్కడ అసలు డ్రమ్మరు రాకపోతే అక్కడ హార్లన్. ఒక రాక్ బ్యాండులో డ్రమ్మరుకు గవదబిళ్ళలు వస్తే ఈయన వెళ్ళి రికార్డు మొత్తం వాయించాడు. ఆ రికార్డు అమెరికా అంతా మోగింది. అట్ట మీద మాత్రం గవదబిళ్ళలవాడి ఫోటో. తర్వాత రెండేళ్ళు సర్కస్. తర్వాత ఓడలో డాన్సు బృందం, చర్చి, చూయింగ్‌గమ్ ప్రకటన, ఇక్కడి బీరు గుడారాల్లో తోలు నిక్కరు వేసుకుని పోల్కా డాన్సు పాటలు. ఏది చెప్తే అది వాయిస్తాడు. పేరు మాత్రం ఏ అట్ట మీదా లేదట. "మరియు ఇతరులు అని ఉంటుంది చూడండి, అది నేనే" అని నవ్వుతాడు.

నీ వీసా సంగతి తేలకపోతే, ఒకవేళకి మాత్రమే, ఆయనకు నాలుగు ముక్కలు నేర్పుతావా? సన్నాయి స్పీకర్లో పెట్టుకోవచ్చు. డోలు మాత్రం ఎదురుగా మోగాలి.

శారద


చిలకలూరిపేట,
ఫిబ్రవరి 10

అక్కయ్యా,

వారం రోజులు జవాబు రాయకూడదనుకున్నాను. ఎనిమిదోరోజు ప్రవీణ "మామయ్యా, మీరు గిన్నెలు విసురుగా పెడుతున్నారు, రాసేయండి" అంది. రాస్తున్నాను.

నలభై మూడేళ్ళు అయితే ఏంటి? నేను యాభై రెండేళ్ళు వాయించాను. దిండ్ల మీద కాదు.

సరే. ఆయనకు చెప్పు. డోలు అంటే డప్పు కాదు, డ్రమ్మూ కాదు. ఎడమవైపు పుల్లతో, కుడివైపు వేళ్ళతో. ఆ తొడుగులు పెట్టెలో పసుపుగుడ్డలో ఉన్నాయి, నావి. పెట్టుకోనివ్వు. త-ధి-కి-ట నోటితో వెయ్యిసార్లు అనాలి, తర్వాతే చెయ్యి వేయాలి. అన్నీ నేర్పడానికి వ్యవధి లేదు. గట్టిమేళం ఒక్కటి నేర్చుకుంటే చాలు.

గట్టిమేళం ఎందుకో బాగా తలకెక్కేలా చెప్పు. తాళి కట్టే ఘడియలో ఎవరో తుమ్ముతారు, ఎవరో ఏడుస్తారు, ఎవరో కానిమాట అంటారు. అవేవీ పెళ్ళికూతురి చెవిన పడకూడదు. పడకుండా చూడటమే మన పని. పురోహితుడు చెయ్యెత్తగానే ఉన్న బలమంతా పెట్టి వాయించాలి. ఆ ఒక్క ముక్క కోసం పెళ్ళి మొత్తం డోలువాడి వంక చూస్తుంది. పాట ఆగకుండా వెనకాల కొట్టుకుంటూ పోయే ఉద్యోగం కాదు ఇది.

వీసా రాలేదు. ఇంకా వరసలోనే ఉన్నాను.

చలపతి


కైసర్స్‌లౌటర్న్,
మార్చి 20

చలపతీ,

నీ శిష్యుడు త-ధి-కి-ట వెయ్యిసార్లు కాదు, బస్సులో, సూపర్‌మార్కెట్లో, పంటి డాక్టరు కుర్చీలో కూడా అంటున్నాడు. నీ ఉత్తరంలో తుమ్ము గురించి రాసింది నేను చదివి చెప్తే, చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. "అంటే నేను కాపలావాణ్ణి" అన్నాడు. అవునన్నాను.

మొన్న ఆదివారం రిహార్సల్ పెట్టాం. మన పురోహితుడు సాయికృష్ణ. కరీంనగర్ వైపు. వారమంతా వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్ల సాఫ్ట్‌వేర్ రాస్తాడు, శనాదివారాలు పెళ్ళిళ్ళు చేస్తాడు. పీట మీద కూర్చోబోయి పంచె కాలికింద పడి జారాడు. సర్కసులో ఎవరు పడినా డబడబ మోగించి చివర ఢాం అనిపించడం హార్లన్‌కి అలవాటట. అనిపించాడు. సాయికృష్ణ కింద కూర్చునే "అమ్మా, ఈ సారు ఎవరు? నేను పడితె గిట్ల కొడ్తుండు!" అన్నాడు. లేస్తుంటే ఇంకోటి కొట్టాడు. అది లేచినందుకట.

ఇక అసలు సంగతి. నిన్న ప్రవీణ ఫోన్ చేసింది. నీకు ఫిబ్రవరి 5నే టెర్మిన్ వచ్చిందట. హైదరాబాదు దాకా వెళ్ళి, ఆఫీసు ఎదురుగా టీ తాగి, లోపలికి వెళ్ళకుండా తిరిగి వచ్చేశావట. నాతో వరస, వరస అని రాస్తున్నావు! ఒరేయ్, తన్వికి ఏడో ఏడు వచ్చినప్పుడు నువ్వే మాట ఇచ్చావు, నీ పెళ్ళికి నేనే వాయిస్తానని. ఆ పిల్ల ఇంకా ఎదురు చూస్తోంది. ఏం జరిగిందో దాచకుండా రాయి. నాకు చాలా బాధగా ఉంది.

శారద


చిలకలూరిపేట,
మార్చి 27

అక్కయ్యా,

దాచినందుకు క్షమించు.

పోయిన ఏడాది మాఘమాసంలో చీరాలలో ఒక పెళ్ళి. సన్నాయాయన మంచినీళ్ళకు లేచాడు. నేను కళ్ళు మూసుకుని మెల్లగా వాయిస్తున్నాను. కళ్ళు మూసుకుని వాయించడం నాన్న నేర్పిన దర్జా, నీకు తెలుసుగా. పురోహితుడు "గట్టిమేళం, గట్టిమేళం" అని రెండుసార్లు అరిచాడట. నాకు వినపడలేదు. కళ్ళు తెరిచేసరికి మూడు ముళ్ళూ పడిపోయాయి. పందిరంతా నిశ్శబ్దం. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో పెళ్ళికొడుకు మేనత్త తుమ్మిందట, అది కూడా నాకు వినపడలేదు. అందరూ నా వైపు తిరిగి చూస్తే తెలిసింది.

ఆ జంట బాగానే ఉన్నారు, కవలలు పుట్టారు. అయినా ఆ చూపులు నేను మరిచిపోలేకపోతున్నాను. అప్పటినుంచి డోలు ముట్టలేదు. నా డోలు బియ్యం డబ్బా పక్కన ఉంది. నాన్న డోలు మీ ఊరు పంపేసింది కూడా అందుకే, ఇంట్లో ఉంటే నన్నే చూస్తున్నట్టుండేది. తన్వి పెళ్ళిలో కూడా అలా జరిగితే నేను బతకలేనక్కా. సిగ్గేసి వెనక్కి వచ్చేశాను.

మీ అమెరికా ఆయననే వాయించమను. తన్వికి మాత్రం ఈ సంగతి చెప్పకు. తాతయ్యకు విమానం అంటే భయమని చెప్పు. అదీ నిజమే.

చలపతి


కైసర్స్‌లౌటర్న్,
ఏప్రిల్ 28

చలపతీ,

పెళ్ళి అయిపోయింది. నవ్వి నవ్వి నా పొట్ట ఇంకా నొప్పిగానే ఉంది. వరసగా చెప్తాను, మధ్యలో లేవకు.

పెళ్ళికొడుకు యోనాస్ మంచివాడు, ఇంజనీరు. కానీ వాళ్ళ వంశమంతటికీ ఏప్రిల్‌లో పూల పుప్పొడి పడదు. హాలు చుట్టూ బర్చ్ చెట్లు, నిండా పూత. అయినా యోనాస్ వాళ్ళమ్మ ఉర్సులా వస్తూనే కిటికీలన్నీ బార్లా తెరిచింది. గాలి మారందే ఈ దేశంలో ఏ మంచిపనీ జరగదు.

వినాయకుడి పూజ మొదలైంది. యోనాస్ బాబాయి తల వెనక్కి వాల్చాడు. తుమ్ము ఇంకా ముక్కులోనే ఉంది, హార్లన్ గట్టిమేళం మోగించేశాడు! గట్టిమేళం వినపడితే మన వాళ్ళ చేతులు ఆగుతాయా? నలభై మంది ఆడవాళ్ళు పసుపు కుంకుమల గిన్నెలు పక్కన పడేసి వినాయకుడి మీద అక్షింతలు వేసేశారు. జర్మన్లకు మన సుమిత్ర ముందే కాగితం పంచిపెట్టింది, డోలు గట్టిగా మోగితే బియ్యం వేయండి అని. కూతురి పెళ్ళి కదా, ఏదీ తక్కువ కాకూడదని దాని ఆత్రం. వాళ్ళు చెప్పింది చేసే మనుషులు, వేశారు. యోనాస్ తానేదో ఆలస్యం చేశాననుకుని పళ్ళెంలోంచి తాళి అందుకున్నాడు. సాయికృష్ణ వాడి మణికట్టు పట్టుకుని "ఇప్పుడే కాదు బాబూ, ఇంకా గంటన్నర ఉన్నది" అన్నాడు.

అక్కడితో ఆగలేదు. వాళ్ళ పెద్దమ్మ తుమ్మితే మేళం. తాతగారు తుమ్మితే మేళం. ఒకాయన కళ్ళలో చుక్కల మందు వేసుకుందామని తలెత్తితే మేళం. హార్లన్‌కు తుమ్ము వినపడదు కదా, తలలు చూసి వాయిస్తున్నాడు. నేను పీటల మధ్యనుంచి కుంటుకుంటూ వెళ్ళి చెవిలో అరిచాను, "మహానుభావా, ఆపు" అని. ఆయన చెమట తుడుచుకుని, "శారదా, ఒక్క తుమ్ము కూడా లోపలికి పోనివ్వలేదు" అన్నాడు. నువ్వు చెప్పిన పనే చేస్తున్నాడు, ఏమనను? పదిహేడు మేళాలు మోగాయి. సుమిత్ర కలిపిన ఐదు కిలోల అక్షింతలూ అయిపోయాయి.

ఇంతలో ముహూర్తం వచ్చింది. పదకొండు నలభై రెండు. యోనాస్ తాళి పట్టుకుని నిలబడ్డాడు. సాయికృష్ణ మంత్రం చివరికి వచ్చి చెయ్యెత్తాలి. ఎత్తలేదు. నోరు తెరిచాడు, మాట రాలేదు. కళ్ళు మూతపడ్డాయి, ముక్కుపుటాలు లేచాయి. ఎత్తాల్సిన చెయ్యి ముక్కు దగ్గర ఆగిపోయింది. తాళి కట్టే ఘడియలో తుమ్మబోతున్నది సాక్షాత్తు పురోహితుడు!

హార్లన్ అప్పటికే సాయికృష్ణ భుజాలు చూస్తున్నాడు. అవి పైకి లేవగానే వాయించాడు చూడు! చలపతీ, అది నీ త-ధి-కి-టే. హాలు అదిరింది. కానీ ఎవరూ కదల్లేదు. పదిహేడు సార్లు మోసపోయారు కదా. యోనాస్ అయితే తల అడ్డంగా ఊపి, నవ్వి, తాళి మళ్ళీ పళ్ళెంలో పెట్టబోయాడు. అప్పుడు మన తన్వి పెళ్ళికూతురిననే మాట మరిచి, "యెట్స్ట్! ఇప్పుడే! కట్టు!" అని రెండు భాషల్లో అరిచింది. ఆ అరుపు మేళంలో కలిసిపోయింది, పెదాలు చూసి కట్టాడు. ఇంజనీరు కదా, ఒక్కో ముడి వేసి లాగి పరీక్షించాడు. మూడు ముళ్ళకు నాలుగు నిమిషాలు. నాలుగు నిమిషాలూ హార్లన్ చెయ్యి ఆపలేదు. సాయికృష్ణ తుమ్మాడని వీడియోలో చూసి తెలుసుకున్నాం గాని, అక్కడ ఒక్కరికీ వినపడలేదు.

చల్లడానికి అక్షింతలు లేవు. ముందు ఉర్సులా, సుమిత్ర జుట్టులోంచి నాలుగు గింజలు ఏరి వేసింది. ఆ తర్వాత ఇక అందరూ మొదలుపెట్టారు, ఒకరి తల మీదివి ఒకరు, కోటు జేబుల్లోవి, చీర కుచ్చిళ్ళలోవి ఏరుకుని ఏరుకుని వేశారు. నేను ఏడ్చాను. సిగ్గులేకుండా ఏడ్చాను.

భోజనాల దగ్గర హార్లన్‌కు నీ చీరాల సంగతి చెప్పాను. తన్వికి చెప్పొద్దన్నావు, ఆయనకు చెప్పొద్దనలేదు. సాంబారు కలుపుతూ అన్నాడు. "నాకు చెవులు పోయి పాతికేళ్ళయింది. పాటగాడి వీపు చూసి వాయించాను. మీ తమ్ముణ్ణి కళ్ళు తెరవమనండి. మనిషి ఏం చేయబోతున్నా ముందు భుజాలు చెప్తాయి." తర్వాత శుభలేఖ తీసి ఇందులో నా పేరెక్కడ అని అడిగాడు. నీ పేరు చూపించి, ఇది మా తమ్ముడిదన్నాను. "సరేలెండి, మరియు ఇతరులు" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

శారద


చిలకలూరిపేట,
మే 19

అక్కయ్యా,

వీడియో ప్రవీణ టీవీలో పెట్టి చూపించింది. పదిహేడు కాదు, పద్దెనిమిది. చుక్కల మందు ఆయనకు రెండుసార్లు వాయించాడు. వేళ్ళు ఇంకా బిగుసుగా ఉన్నాయి, ఎడమ చెయ్యి మాత్రం బాగుంది. ఆ నాలుగు నిమిషాలు నేనైతే రెండో ముడి దగ్గరే చెయ్యి మార్చేవాణ్ణి. ఇది ఆయనతో చెప్పకు. సరే, చెప్పు.

నిన్న మన వీధి చివర ఒక పెళ్ళి. డోలు దుమ్ము దులిపి తీసుకెళ్ళాను. పురోహితుడికి సరిగ్గా ఎదురుగా కూర్చుని, కళ్ళు రెండూ పత్తికాయల్లా తెరిచి ఆయన భుజాలే చూస్తూ కూర్చున్నాను. ఆయన భయపడి, "ఏం చలపతిగారూ, నా మీద ఏమైనా కోపమా?" అని అడిగాడు. భుజం లేచింది, వాయించాను. అరక్షణం కూడా తేడా రాలేదు. అక్కడే ఏడిచాను, చెమట అనుకున్నారు. వాయించాను అక్కా!

ఈ ఉత్తరం పోస్టులోనే పంపుతున్నాను, ఎందుకంటే లోపల ఇంకొకటి ఉంది. తన్వి శుభలేఖ మళ్ళీ అచ్చు వేయించాను. ప్రెస్సువాడు "పెళ్ళయిపోయింది కదండీ, తేదీ తప్పేమో" అని మూడుసార్లు అడిగాడు. తేదీ సరిగ్గానే ఉంది, పేరే తప్పు పడింది అన్నాను. ఒక్క కాపీయే. ఆయనకు నా చేతులతో ఇచ్చినట్టు ఇవ్వు. తొడుగులు తిరిగి పంపక్కర్లేదు.

చలపతి


కైసర్స్‌లౌటర్న్,
జూన్ 4

చలపతీ,

శుభలేఖ ఈ మధ్యాహ్నం వచ్చింది. హార్లన్‌ను కిందికి పిలిచి చేతిలో పెట్టాను. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఇందులో నేనెక్కడ?" అన్నాడు.

"మంగళ వాయిద్యం: డోలు విద్వాన్ హార్లన్ టకెట్" అన్నచోట వేలు పెట్టి చదివాను. ఆ అక్షరాల మీద మెల్లగా తన వేలు నడిపాడు. విద్వాన్ అంటే ఏమిటని అడిగాడు, చెప్పాను. పక్కన ఇంకెవరి పేరైనా ఉందా అని అడిగాడు. లేదు, నువ్వొక్కడివే అన్నాను. కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. పుప్పొడి అన్నాడు. జూన్‌లో బర్చ్ పుప్పొడి ఏమిటని నేను అడగలేదు.

తర్వాత నా వంటింటి బల్ల మీద గట్టిమేళం మొదలుపెట్టాడు. సమయం ఒకటిన్నర, నిశ్శబ్ద వేళ. కింది అంతస్తు ఆవిడ చీపురుకర్రతో కప్పు మీద పొడవడం మొదలుపెట్టింది.

హార్లన్ అరికాళ్ళు నేలకు ఆనించి, ఒక్క క్షణం ఆగి, "ఈవిడ లయ కూడా గట్టిదే" అన్నాడు.

శారద